గేదెను లేపిన గాలిసంచి

మా విశ్వవిద్యాలయం ఎంత పెద్దదంటే, మా పశువైద్య కళాశాల నుంచి ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్ళాలంటే మైక్రోబస్సు ఎక్కాలి. ఊరొకటే, చుట్టూ ఉన్న ప్రహరీ ఒకటే, పైన కూర్చున్న అధ్యక్షుడూ ఒక్కడే. అయినా ఎవరి గేటు వాళ్ళది, ఎవరి టీ కొట్టు వాళ్ళది. ఏళ్ళ తరబడి ఇక్కడ పాఠాలు చెబుతున్న నేను ఇంజనీరింగ్ వాళ్ళ గేటు దాటింది ఒకే ఒక్కసారి. అదీ మా ఆసుపత్రి నుంచి పారిపోయిన మేకపోతును వెతుక్కుంటూ.

అలాంటి చోట, ఒక ఏడాది రెండో టర్ము మొదట్లో, అన్ని కళాశాలల పిల్లలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి డిజైన్ నేర్పాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. ప్రతి కళాశాలా ఒక అధ్యాపకుణ్ణి పంపాలన్నారు. మా వాళ్ళు సమావేశం పెట్టుకుని, ఆ రోజు సమావేశానికి రానివాడి పేరు రాసేశారు. ఆ రానివాణ్ణి నేను. అప్పుడు నేను నదికి అవతల ఒక పల్లెలో, అడ్డం తిరిగిన దూడను బయటికి తీసే పనిలో, భుజం దాకా తడిసి ఉన్నాను.

ఆ తరగతి నడపడానికి కైరో నుంచి డాక్టర్ ఇంజీ వచ్చింది. కుర్చీలు, ఆసుపత్రి మంచాలు, ముసలివాళ్ళు పట్టుకోవడానికి వీలైన గరిటెలు, ఇలాంటివి ఎలా ఉంటే మనిషికి సుఖమో ఆలోచించి తయారు చేయించడం ఆమె చదువు. పొట్టి జుట్టు, పెద్ద బూట్లు, చేతిలో ఎప్పుడూ సగం తాగిన కాఫీ. ఒక్క టర్ముకే ఒప్పుకుని వచ్చింది. అది ముగియగానే కైరో బండి ఎక్కేస్తానని వచ్చిన మొదటిరోజే నాతో చెప్పేసింది. గ్రంథాలయం వెనకాల, పాత ప్రశ్నపత్రాలు మూటలు కట్టి పడేసే హాలు ఒకటి ఆమెకు ఇచ్చారు. ఆ హాలు ఏ కళాశాలకూ చెందదు కాబట్టి దాని గురించి ఎవరూ పోట్లాడలేదు. ఎవరూ ఊడ్చలేదు కూడా.

మొదటిరోజు ఇంజనీరింగ్ పిల్లలు కిటికీల వైపు, వైద్యం పిల్లలు ముందు వరసలో, లా చదివేవాళ్ళు గుమ్మం దగ్గర గుంపుగా కూర్చున్నారు. నా వెంట వచ్చిన పశువైద్యం కుర్రాళ్ళ పక్కన ఎవరూ కూర్చోలేదు. పేడ వాసన అని ఒకరిద్దరు ముక్కులు మూసుకున్నారు. ఇంజీ అదంతా చూసీ చూడనట్టు బల్ల ఎక్కి కూర్చుంది.

"మీ కాలేజీ ఒంటరిగా తీర్చలేని తలనొప్పి ఒకటి తీసుకురండి," అంది. "తలనొప్పి లేని అదృష్టవంతులు వేరే క్లాసు చూసుకోవచ్చు."

మరుసటి వారం తలనొప్పులు కుప్పలుగా వచ్చాయి. క్యాంటీన్ వరస, కారు పెట్టుకోవడానికి చోటు, ఆసుపత్రిలో దారి తప్పే రోగులు. ఇంజనీరింగ్ డీన్ డాక్టర్ ముఖ్తార్ కూడా ఆ రోజు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆయనకు ఈ తరగతి మీద మొదటినుంచీ నమ్మకం లేదు. డిజైన్ అంటే పని అయ్యాక రంగు వేయడమేనని ఆయన బాహాటంగానే అనేవాడు. నా వంతు వచ్చినప్పుడు నేను మా తలనొప్పి చెప్పాను. ఈనిన గేదె కాళ్ళల్లో సత్తువ పోయి పడిపోతుంది. మందు మా దగ్గర ఉంది. కానీ అంత బరువున్న జీవి ఒకే పక్కన పడి ఉంటే, దాని బరువుకే దాని కండరాలు చచ్చిపోతాయి. మందు పని చేసే వేళకు కాళ్ళు పని చేయవు. దాన్ని లేపి నిలబెట్టే సాధనం మాకు లేదు.

హాలంతా నవ్వు. కిటికీ దగ్గర నుంచి ఒక పొడుగాటి కుర్రాడు, "బర్రెకి డిజైనేంటి దొక్తోర్, కాటుక పెడతామా?" అన్నాడు.

ఇంజీ నవ్వలేదు. "లేవకపోతే ఏమవుతుంది?" అని అడిగింది.

"కసాయివాడు వస్తాడు," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మా నైలు డెల్టాలో ఇంటి గేదె అంటే ఏమిటో ఆ హాలులో సగం మందికి తెలుసు. పాలూ వెన్నా అదే, ఆడపిల్ల పెళ్ళికి ధైర్యమూ అదే.

నా గుంపులో చివరికి ముగ్గురు చేరారు. కాటుక మాట అన్న పొడుగాటి కుర్రాడే మొదటివాడు. పేరు హాతిం, యంత్రాల చదువు, దమియెత్తాలో మంచాలూ సోఫాలూ చేసే వడ్రంగి కొడుకు. ఇందులో ఇనుము పని ఉంటుందని వచ్చాడు. రెండోది ఖులూద్, బట్టల డిజైన్ చదివే పిల్ల, మహల్లా మిల్లులో నేతపనివాడి కూతురు. ఆలస్యంగా వచ్చేసరికి మిగతా గుంపులన్నీ నిండిపోయి ఇందులో పడింది. మూడోది తస్నీమ్, సమాజశాస్త్రం. ఊళ్ళు తిరగొచ్చు, ఇంట్లో పెళ్ళిచూపులు తప్పించుకోవచ్చు అని చేరినట్టు ఆమే ఒప్పుకుంది.

ఇంజీ వాళ్ళను గీతలు గీయనివ్వలేదు. ముందు చూసి రమ్మంది. మా దగ్గరికి పిలుపు రాగానే ముగ్గురినీ వెంటబెట్టుకుని ఒక పల్లెకు వెళ్ళాను. గేదె పడిపోయి అప్పటికే నాలుగు రోజులయింది. నేను సూది వేశాను. ఇరుగుపొరుగు మగవాళ్ళు తాళ్ళు వేసి లాగారు, కర్రలు దూర్చి ఎత్తారు, దేవుణ్ణి తలుచుకుని మళ్ళీ ఎత్తారు. అది మెడ ఎత్తి మావైపు చూసింది గానీ నడుము ఎత్తలేకపోయింది. సాయంత్రానికి కసాయివాడు కత్తుల సంచి పట్టుకుని వచ్చి, గుమ్మం బయట మర్యాదగా ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఇంటావిడ అతనికి టీ పెట్టి ఇచ్చింది. తస్నీమ్ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

తిరుగుప్రయాణంలో మైక్రోబస్సు డ్రైవరు పాటలు పెట్టాడు. హాతిం ఆపమన్నాడు.

హాతిం మూడు వారాలు ఇంజనీరింగ్ వర్క్‌షాపులోనే ఉండి ఒక ఇనుప ముక్కాలిని చేశాడు. పైన గొలుసూ చక్రాలూ, కింద మూడు లావుపాటి కాళ్ళు. చూడముచ్చటగానే ఉంది. ముఖ్తార్‌గారు స్వయంగా వచ్చి దాన్ని తట్టి చూసి, ఇన్నాళ్ళకు ఈ గుంపులో ఒక ఇంజనీరింగ్ వస్తువు కనబడిందని మెచ్చుకున్నాడు. ఖులూద్ తన తండ్రి చేత వెడల్పాటి నడికట్టు నేయించింది. పొట్ట కింద నుంచి చుట్టి గొలుసుకు తగిలించడానికి.

మా ఆసుపత్రి పెరట్లో, పిల్లలకు పాఠాలు చెప్పడానికి పెంచే ముసలి గేదె ఒకటి ఉంది. దానికి ఏ జబ్బూ లేదు, బద్ధకం తప్ప. దాన్ని పడుకోబెట్టి, నడికట్టు చుట్టి, హాతిం గొలుసు లాగాడు. గేదె లేచింది. మేమంతా చప్పట్లు కొట్టబోయాం. నాలుగు కాళ్ళూ నేలకు అందకుండా గాల్లో వేలాడుతున్నానని అప్పుడే దానికి తెలిసొచ్చింది. ఇక చూడాలి. తన్నింది, గింజుకుంది, నిలబడ్డ ప్రతివాడి మీదా ఉచ్చ పోసింది. ముక్కాలి కాలొకటి మెత్తటి మట్టిలో దిగబడింది. ఇనుమంతా నెమ్మదిగా, చాలా గౌరవంగా ఒక పక్కకు ఒరిగి పడిపోయింది. గేదె లేచి, ఒళ్ళు దులుపుకుని, గడ్డి దగ్గరికి నడిచిపోయింది. హాతిం మాత్రం కాలి బొటనవేలు పట్టుకుని కూర్చుండిపోయాడు.

వేలికి కట్టు కడుతుంటే తస్నీమ్ వచ్చి, ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా ఇంకో సంగతి చెప్పింది. తను చూసిన ఇళ్ళన్నిట్లోనూ పశువుల కొట్టం వంటింటి వెనకాలే ఉంటుందట. సందు సన్నం, తలుపు సన్నం, కప్పు చేతికి అందుతుంది. ఈ ముక్కాలి ఏ ఇంట్లోకీ పట్టదు. ఈ మాట ఆమె ఇంతకు ముందే రెండుసార్లు చెప్పింది. హాతిం చెవిన వేసుకోలేదు.

"నేను బర్రెను లేపే యంత్రం చేశాను," అన్నాడు హాతిం. "తలుపులు చేయడం నా పని కాదు."

"మీ నాన్న మంచాలు చేస్తాడు కదా," అంది ఖులూద్. "గదిలోకి పట్టని మంచం చేస్తే ఎవరైనా కొంటారా?"

"మా నాన్న జోలికి రాకు."

"అయితే నువ్వు మా నాన్న నేసిన గుడ్డను గోనెపట్టా అనడం మానెయ్."

అతను కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. మరునాడు ముఖ్తార్‌గారు చేయిస్తున్న రోబో మరచేతి యంత్రం పనిలో చేరాడని తెలిసింది. ఖులూద్ కింద పడ్డా పైచేయి తనదే అన్నట్టు నాలుగు రోజులు తల ఎగరేసుకు తిరిగింది. ఆ తర్వాత నడికట్టు మడతపెట్టి అలమరలో పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇంజీ ఎవరినీ ఓదార్చలేదు. మిగిలిన ఇద్దరినీ, నన్నూ అన్నం, పప్పు, మాకరోనీ కలిపిన కొషరీ తినడానికి తీసుకెళ్ళింది. పై నుంచి లాగాలంటే పైన చోటు కావాలని, ఆ ఇళ్ళల్లో పైన చోటు లేదని ఇప్పుడు మనకు తెలుసు, ఇది నిరుడు ఎవరికీ తెలియదు, అంది. పిల్లలకు ఆ మాట నచ్చలేదు. నాకూ అంతగా నచ్చలేదు. మిరపకాయ సాస్ ఎక్కువ పోసుకుని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇంకో నెల ఓపిక పడితే కైరో వెళ్ళిపోతానని తనలో తను అనుకున్నట్టు అంది.

మా ఊరి వలీ దర్గా జాతర ఆ వారమే వచ్చింది. ఊయలలు, శనగల మిఠాయి, తుపాకీతో బుడగలు కాల్చే బళ్ళు. తస్నీమ్ బలవంతం చేసి ఖులూద్‌ను తీసుకెళ్ళింది. అక్కడ పిల్లలు ఎగిరి గంతులేసే గాలి కోట ఒకటి ఉంది, రబ్బరు గుడ్డతో కుట్టింది. ఇద్దరూ దాని ముందు నిలబడి ఉండగా జనరేటరు ఆగిపోయింది. కోట బుస్సుమని కుంగి, లోపలున్న పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి గుడ్డలో మునిగిపోయారు. జనరేటరు మళ్ళీ మోగింది. గుడ్డ ఉబ్బింది. పిల్లలు, లావుపాటి వాళ్ళతో సహా, నెమ్మదిగా పైకి లేచారు.

ఖులూద్ అక్కడి నుంచి కదలదే! తస్నీమ్ మిఠాయి కొనుక్కుని తినేసి వచ్చినా కదల్లేదు. కోట యజమాని ఈమె ఎవరో మునిసిపాలిటీ నుంచి వచ్చిందనుకుని భయపడి టీ తెప్పించాడట.

"పై నుంచి లాగడమెందుకు?" అంది ఖులూద్ మరునాడు మా హాలులోకి అడుగు పెడుతూనే. "కింద నుంచి ఎత్తకూడదూ?"

కానీ ఎంత గాలి కావాలి, ఎంత గట్టి గుడ్డ కావాలి అని లెక్క వేయగలిగినవాడు హాతిం ఒక్కడే. అతనితో మాట్లాడనని ఖులూద్ ఒట్టు పెట్టుకుని ఉంది. ఆ ఒట్టుకు భంగం రాకుండా తస్నీమ్ రాయబారానికి వెళ్ళింది. హాతిం మరచేతికి మరలు బిగిస్తూ వెటకారంగా విన్నాడట. జాతర పంకా గాలి పిల్లల్ని ఎగరేస్తుంది గానీ బర్రెను ఎగరేయదని కొట్టిపారేశాడట. తస్నీమ్ సరేనని వెనక్కి తిరిగి గుమ్మం దాటబోతుంటే, "సంచి వెడల్పెంత?" అని అడిగాడట.

మరుసటి ఉదయం మేం వచ్చేసరికి హాతిం హాలు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఖులూద్ అతని పక్కనుంచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒకటి అతని పక్కన మెట్టు మీద పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. సంధి అంతటితో అయిపోయింది.

లెక్క ప్రకారం జాతర పంకా చాలదు, బండ్ల టైర్లకు కొట్టే మోటారు అక్కర్లేదు. మధ్యరకం గాలి కావాలి. ఇంజీ తన ఇంటినుంచి వాక్యూమ్ క్లీనర్ తెచ్చింది. దాని వెనకవైపు నుంచి వచ్చే గాలి సరిగ్గా సరిపోయింది. లారీల మీద కప్పే టార్పాలిన్ గుడ్డ కొన్నారు. షామియానాల వీధిలో హిల్మీ అనే దుకాణదారు అంచులను వేడి ఇస్త్రీతో అతికించే పని ఒప్పుకున్నాడు. పెళ్ళి పందిళ్ళు కుట్టేవాడికి గేదె పరుపు కుట్టడం సరదాగా అనిపించింది. మొదటి సంచి పెరట్లో పేలిపోయింది. ఆ శబ్దానికి పెద్దాసుపత్రి కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. రెండోది పేలలేదు గానీ ముసలి గేదె దాని మీద నుంచి గుండ్రాయిలా దొర్లిపోయింది. మూడోసారి ఒకే సంచికి బదులు నాలుగు పొడుగాటి దిండ్లను పక్కపక్కనే అతికించారు. అంచుల్లో ఉన్న రెండూ లావు, నడిమివి సన్నం. అప్పుడు గేదె ఊయలలో పడుకున్నట్టు మధ్యలో కుదురుకుంది. పైగా నిద్రపోయింది.

ఇంతలో టర్ము ముగింపు వచ్చింది. పెద్ద సభామందిరంలో అన్ని గుంపులూ తమ పని చూపించాలి. అధ్యక్షుడూ డీన్‌లూ న్యాయనిర్ణేతలు. రానివాళ్ళకు సున్నా అని ముఖ్తార్‌గారే నియమం పెట్టాడు. ఆ ఉదయం మేం సంచులు మడతపెడుతుంటే తస్నీమ్ ఫోను మోగింది. నదికి అవతల పల్లె నుంచి ఉమ్ వహీద్ అనే ఆవిడ. ఊళ్ళు తిరిగేటప్పుడు తస్నీమ్‌కు రెండుసార్లు అన్నం పెట్టిన మనిషి. భర్త లేడు, ఇద్దరు కూతుళ్ళు, రోజా అని అర్థం వచ్చే వర్దా అనే గేదె. వర్దా నిన్న ఈనింది, తెల్లవారేసరికి పడిపోయింది.

ముగ్గురూ ఇంజీ వైపు చూశారు. ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఈ సంచి ఎవరి కోసం చేశారు?" అని అడిగింది.

"బర్రె కోసం," అన్నాడు హాతిం.

"మరి ఇక్కడ నిలబడ్డారేం? పొండి. వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను."

మంచి సంచీ వాక్యూమ్ క్లీనరూ మేం పట్టుకెళ్ళాం. అతుకులేసిన పాత సంచి ఆమె దగ్గర వదిలాం. మైక్రోబస్సులో హాతిం, నాలుగేళ్ళ చదువులో తనకు ఒక్క సున్నా కూడా లేదని గొణిగాడు. మొదటిది ఎప్పుడూ తీయగానే ఉంటుందని ఖులూద్ అంది.

వర్దా కొట్టంలో ఎడమపక్కకు వాలి, మెడ వెనక్కి తిప్పుకుని పడి ఉంది. ముక్కు పొడిబారింది, చెవులు చల్లగా ఉన్నాయి. పక్కనే గడ్డిలో దూడ కుయ్యోమంటోంది. తస్నీమ్ అన్నట్టే తలుపు ఎంత సన్నమంటే నేను కూడా పక్కకు తిరిగి దూరాల్సి వచ్చింది. నేను మెడ రక్తనాళంలోకి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తుంటే పిల్లలు సంచిని గడ్డిచాపలా పరిచారు. వర్దాను ఒక పక్కకు ఒరిగించి, సంచిని కిందికి తోసి, మళ్ళీ దాని మీదికి ఒరిగించాం. చెప్పడానికి ఇంతే. చేయడానికి మా నడుములు పోయాయి.

వాక్యూమ్ క్లీనర్ మోగగానే వర్దా కళ్ళు తేలేసింది. ఉమ్ వహీద్ దాని తల ఒళ్ళో పెట్టుకుని, దాని చెవులు చేతులతో మూసి, మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టింది.

"ఏందయ్యా ఈ రొద? లేపమంటే గుండె ఆపేట్టున్నారే. ఓ పొడుగు ఇంజనీరూ, నీ యంత్రానికి గొంతు తగ్గించడం రాదా?"

"దానికి ఒకటే గొంతు అత్తా," అన్నాడు హాతిం చెమటలు కక్కుతూ. "మా అమ్మలాగా."

దిండ్లు ఉబ్బాయి. వర్దా జానెడు లేచింది, రెండు జానలు లేచింది. ముందుకాళ్ళు కిందికి వేలాడాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గాలి వెనక్కి తన్నుకొస్తోంది. హాతిం గొట్టం ఊడబీకి, సంచి నోటిని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. అయినా వేళ్ళ సందుల్లోంచి ఈల వేస్తూ పోతోంది. ఖులూద్ తన భుజం సంచి పట్టీ తెంచి, అతని చేతుల కింద నుంచి ఆ నోటికి చుట్లు మీద చుట్లు బిగించింది. గాలి ఆగింది. చీకటి కొట్టంలో అందరం కదలకుండా ఉన్నాం. వర్దా ఊపిరి ఒక్కటే వినబడుతోంది. ఇరుగమ్మలు వంటింట్లో చేరి గుసగుసలాడుతున్నారు. కరెంటు వాళ్ళను ఒకావిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ ఎదురుచూపే మాకు మేలు చేసిందని నాకు తర్వాత తట్టింది. మందు ఒంటికి పట్టడానికి వ్యవధి దొరికింది. వర్దా చెవుల్లోకి వెచ్చదనం తిరిగి వచ్చింది. ఒంటి మీద సన్నటి వణుకు మొదలైంది.

కరెంటు రాగానే ఇంకాస్త గాలి ఎక్కించాం. వెనకకాళ్ళ గిట్టలు నేలకు ఆనాయి. ఉమ్ వహీద్ గొంతు మారిపోయింది.

"లే నా తల్లీ. లే నా రోజాపువ్వా. నీ బిడ్డ ఆకలికి ఏడస్తా ఉంది, వినబడటంలా? నువ్వు పడుకుంటే మా ఇల్లు పడుకుంటది. లెగు."

వర్దా లేచింది. నాలుగు కాళ్ళ మీద, తాగినవాడిలా ఊగుతూ నిలబడింది. రెండు ఊపిరుల తర్వాత మోకాళ్ళు మడతపడి మళ్ళీ కూలిపోయింది. కానీ పడింది రాతినేల మీద కాదు, దిండ్ల మీద. దెబ్బ తగల్లేదు. కాసేపు ఆగి మళ్ళీ ఎత్తాం. రెండోసారి నిలబడింది, నిలబడే ఉంది. హాతిం దాని నడుముకు భుజం ఆనించి ఎంతసేపు మోశాడో తెలియదు. ఇక చాలు, అదే నిలబడిందని నేను రెండుసార్లు చెప్పినా అతను కదల్లేదు. ఉమ్ వహీద్ దూడను ఎత్తి పొదుగు దగ్గర పెట్టింది. అది చప్పరించే శబ్దం వినగానే తస్నీమ్ బయటికి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని అడిగితే, కళ్ళల్లో గడ్డి పడిందంది.

సభామందిరంలో జరిగింది నేను చూడలేదు, నలుగురి నోటా విన్నాను. మా గుంపు పేరు పిలిచినప్పుడు ఇంజీ ఒక్కతే అతుకుల సంచి ఈడ్చుకుంటూ వేదిక ఎక్కిందట. పిల్లలేరీ అని ముఖ్తార్‌గారు అడిగితే, పరీక్ష రాస్తున్నారు, కాకపోతే హాలు దూరం అందట. ఆ తర్వాత మందిరం ఊడ్చే మనిషిని బతిమాలి వాక్యూమ్ క్లీనర్ తెప్పించి, ఈ సంచి ఒక గేదె బరువును లేపుతుందని, అంత బరువు కోసం పెద్దలు దయచేసి వచ్చి కూర్చోవాలని న్యాయనిర్ణేతలను కోరిందట. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. ఇదంతా వట్టిదని నిరూపించడానికి ముఖ్తార్‌గారే మొదట వచ్చి కూర్చున్నాడట. ఆయన వెనక వైద్యం డీన్, లా డీన్, వ్యవసాయం డీన్, చివరికి అధ్యక్షుడూ. ఇన్నేళ్ళలో ఇన్ని కళాశాలలు ఇంత దగ్గరగా కూర్చోవడం ఎవరూ ఎరగరు. మోటారు మోగింది. పెద్దలందరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, కాళ్ళు ఆడిస్తూ, నెమ్మదిగా పైకి లేచారు. పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆ బొమ్మ ఇప్పటికీ మా ఊళ్ళో ఏ ఫోనులోనైనా ఉంటుంది.

మొదటి బహుమతి కార్లు పెట్టుకునే చోటు చూపించే యాప్‌కు వచ్చింది. అధ్యక్షుడికి కారు ఉంది, గేదె లేదు. అందులో తప్పుపట్టడానికేం లేదు.

మరునాడు ముఖ్తార్‌గారు మా హాలుకు వచ్చాడు. నిజంగా లోపలికి రావడం ఆయనకు అదే మొదటిసారి. సంచి అంచులు వేళ్ళతో నలిపి చూశాడు, గొట్టం బిగింపు నాసిరకంగా ఉందని విసుక్కున్నాడు, కాగితం అడిగి కొత్త బిగింపు గీసి చూపించాడు. హాతిం చేతులు కట్టుకుని నిలబడి, చివరికి ధైర్యం చేసి సున్నా సంగతి అడిగాడు.

"ఏం సున్నా?" అన్నాడు ముఖ్తార్. "పని చూపించాలన్నాను. మమ్మల్నే లేపి చూపించారుగా."

టీ తాగి, రెండో గ్లాసు కూడా తాగి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ వర్క్‌షాపుకు ఎప్పుడైనా రావచ్చని ఖులూద్‌తో అన్నాడు. మా మేకపోతులకు మాత్రం ప్రవేశం లేదని నా వైపు చూసి చెప్పాడు. ఆ పాత సంగతి ఆయన చెవికి ఎవరు చేరవేశారో నాకు అర్థం కాలేదు.

వర్దా ఆ వారంలోనే గట్టు మీదికి మేతకు వెళ్ళింది. కానీ అన్నీ వర్దాలు కాలేదు. ఆ వేసవిలో మేం లేపబోయిన వాటిలో కొన్ని లేవలేదు. మాకు ఆలస్యంగా కబురందినవి, నరం దెబ్బతిన్నవి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన ప్రతిసారీ ఖులూద్ సంచిలో ఏదో ఒకటి మార్చేది. మార్చితే లాభం ఉండేదో లేదో గానీ, మార్చకుండా ఇంటికి వెళ్ళేది కాదు. హిల్మీ తన దుకాణం ముందు పెళ్ళి పందిళ్ళ బొమ్మల పక్కన గేదె బొమ్మ కూడా వేలాడదీశాడు. తస్నీమ్‌కు చివరికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు మా కళాశాల కుర్రాడే. పేడ వాసన అలవాటైపోయిందని ఆమె వాదన.

ఇంజీ కైరో వెళ్ళలేదు. వెళ్ళడానికి పెట్టె సర్దుకున్న మాట నిజం. టిక్కెట్టు కొన్న మాటా నిజం. ఆ ఉదయం మేమంతా వీడ్కోలు చెప్పడానికి హాలులో చేరాం. ఆమె అందరితో చేతులు కలుపుతుంటే నా ఫోను మోగింది. ఎవరో రైతు, గొంతు నిండా కంగారు.

"దొక్తోర్, వరిగడ్డి మోసే ఒంటె మా వీధిలో కూలబడింది. మీ గాలిసంచి ఒంటెకు పని చేస్తదా?"

నేను ఆ మాట పైకి చెప్పగానే హాతిం, ఒంటె రొమ్ము కింద గట్టి ఎముక ఉంటుంది, దిండ్లు అడ్డంగా వేయాలన్నాడు. ఖులూద్, అడ్డంగా వేస్తే మెడ వాలిపోతుంది, నిలువుగానే వేయాలి, అసలు నువ్వు ఒంటెను ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా అంది. అతను చూశానన్నాడు. ఆమె సినిమాలోనా అని అడిగింది. ఇద్దరూ అరుచుకుంటూనే చెరో పక్కా సంచి ఎత్తుకుని గుమ్మం వైపు నడిచారు.

ఇంజీ పెట్టె పక్కన పెట్టి, బూట్ల తాళ్ళు బిగించుకోవడానికి వంగింది.

"బండి ఎన్నింటికి?" అని అడిగాను.

"ఏ బండి?" అంది.